దాచిపెట్టిన పిలుపు

స్టేషన్లో పనిచేసినన్నాళ్ళూ ఆవిణ్ని అందరూ మైకమ్మ అనేవారు. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ పేరు వదల్లేదు. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి ఎదురింటి డాక్టరు దాకా అందరికీ మైకమ్మగారే. రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. బండి ఆలస్యమైందన్న సంగతి కూడా ఆవిడ గొంతులో వింటే ప్రయాణికులకి సగం కోపం దిగిపోతుందని స్టేషన్ మాస్టరు మెచ్చుకునేవాడు. మిగతా సగం ఆయన నెత్తినే పడేదనుకోండి, అది వేరే సంగతి.

ఆవిడ గది ఒకటో ప్లాట్‌ఫారం మీదికి ఉండేది. పెద్ద అద్దాల కిటికీ, గుడ్డ తొడుగు వేసిన మైకు, ఒక కాలు కాస్త ఊగే స్టూలు. జనంలో తప్పిపోయిన పిల్లల్ని పోలీసులు తెచ్చి ఆ గదిలోనే దింపేవారు. ఏడుస్తున్న పిల్లని బల్లమీద కూర్చోబెట్టుకుని, ముక్కు తుడిచి, పేరు కనుక్కుని ఆవిడ మైకు నొక్కేది. "పాప మా దగ్గర క్షేమంగా ఉంది. పాప నాన్నగారు ఎక్కడున్నా వెంటనే విచారణ గదికి రావాలి." 'ఎక్కడున్నా' దగ్గర ఆ గొంతు కొంచెం ఆగేది. కాసేపటికి ఎవరో ఒకాయన ఒక కాలికి చెప్పు లేకుండా పరిగెత్తుకొచ్చేవాడు. పిల్ల "నాన్నా" అంటూ ఆయన మెడకు చుట్టుకునేది. అప్పుడు మైకమ్మ అటు తిరిగి, శుభ్రంగా ఉన్న కిటికీ అద్దాన్నే మళ్ళీ తుడిచేది. ఆవిడకి శుభ్రం ఎక్కువని అందరూ అనుకున్నారు.

ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ నాన్నా అని పిలవలేదు. అదీ అసలు సంగతి.

తండ్రి యుద్ధానికి వెళ్ళినవాడు. సైన్యంలో చేరాక, సెలవు దొరికినప్పుడు దూరాన ఒక ఊళ్ళో పెళ్ళి చేసుకున్నాడు. సెలవు అయిపోగానే వెళ్ళాడు, మరి రాలేదు. చనిపోయాడని కాదు, ఆచూకీ తెలియలేదని కబురొచ్చింది. ఇలాంటి కబురు కంటే చావు కబురే నయం, ఏడ్చేసి ఊరుకోవచ్చు. భార్య అప్పటికి నిండు నెలలతో ఉంది. పిల్లని కని, కొన్నాళ్ళకే కన్నుమూసింది. పొత్తిళ్ళలో పిల్ల బాబాయి చేతిలో మిగిలింది.

బాబాయికి అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. తాళాలు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. పిల్లనెత్తుకుని జననాల ఆఫీసుకి వెళితే, అక్కడి గుమాస్తా తలెత్తి చూడకుండా, పిల్లని తెచ్చినవాడే తండ్రి అని రాసిపారేశాడు. అది తప్పు, తండ్రి మా అన్న, అని బాబాయి మొత్తుకున్నాడు. మార్చాలంటే ఆ తండ్రే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలన్నాడు గుమాస్తా. "వస్తాడు, పెడతాడు" అని చెప్పి బాబాయి ఇంటికొచ్చేశాడు. అంత నమ్మకం ఆ మనిషికి.

తర్వాత పిన్ని వచ్చింది, ఆ తర్వాత చెల్లి పుట్టింది. వాళ్ళు ఆవిణ్ని కడుపులో పెట్టుకుని చూసుకున్నారు, ఆ మాట ఆవిడే చెబుతుంది. బళ్ళో వేసిన కొత్తలో ఒకరోజు ఆవిడ తిన్నగా కొట్టుకెళ్ళి, ఆకురాయితో తాళంచెవి రాస్తున్న బాబాయి ముందు నిలబడింది.

"చెల్లి నిన్ను నాన్నా అంటోందిగా. నేను కూడా అననా?"

ఆయన చేతిలో ఆకురాయి ఆగింది. "ఆ పిలుపు మా అన్నదేనమ్మా. వాడొచ్చి వినాలి. అందాకా దాచిపెట్టు" అన్నాడు. మళ్ళీ పనిలోకి వంగాడు. ఆ పూట ఆయన రాసిన తాళంచెవి ఏ తాళానికీ పట్టలేదని చాలా ఏళ్ళ తర్వాత పిన్ని చెప్పింది.

బాబాయి చెప్పినట్టే ఆవిడ దాచిపెట్టింది. బాబాయి పోయేటప్పుడు మంచం పక్కన కూర్చుని కూడా "బాబాయీ, నేనిక్కడే ఉన్నా" అనే అంది. ఆయన చూపు మాత్రం గుమ్మం మీదే ఉంది.

ఇదంతా పాతకథ. కిందటేడు సైనికుల రికార్డుల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. రెండుసార్లు మైకమ్మ మాట వినకుండానే పెట్టేసింది. "మా ఇంట్లో ఎవరూ ఇన్సూరెన్సు కట్టరమ్మా" అని కూడా చెప్పింది. మూడోసారి అవతలి అమ్మాయి గుక్క తిప్పుకోకుండా తాతగారి పేరు, నానమ్మ పేరు, పాత ఇంటి వీధి ఏకరువు పెట్టింది. అప్పట్లో యుద్ధం జరిగిన చోట రోడ్డు వేయడానికి తవ్వుతుంటే ఎముకలు దొరికాయట, మెడలో నంబరు బిళ్ళ కూడా ఉందట. ఆ నంబరు పట్టుకుని సైన్యం పుస్తకాలు, జనన మరణాల పుస్తకాలు తిరగేసి ఇక్కడిదాకా వచ్చిందట.

"ఆయన మీకు పెదనాన్నగారు అవుతారు మేడమ్" అంది ఆ అమ్మాయి.

ఈసారి మైకమ్మ ఫోను పెట్టెయ్యలేదు. "పెదనాన్న కాదమ్మా" అంది. "ఒకసారి ఇంటికి రా."

ఆ అమ్మాయి వచ్చింది. భోజనాల బల్ల నిండా వంశవృక్షం పరిచింది. పైన తాత, నానమ్మ. కింద ఇద్దరు కొడుకులు. చిన్నాయన కింద ఇద్దరు కూతుళ్ళు. పెద్దాయన కింద చిన్న గీత గీసి, 'అవివాహితుడు, సంతానం లేదు' అని రాసి ఉంది. సైన్యంలో చేరిననాటి వివరం అది. పెళ్ళి నమోదైన ఆఫీసు బాంబుల్లో కాలిపోయిందని ఆ అమ్మాయే చెప్పింది. మైకమ్మ ఆ గీత చివర వేలు పెట్టింది.

"నేనుండాల్సింది ఇక్కడ."

ఆ అమ్మాయి మంచిది, నమ్మింది. ఆవిడ బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి డీఎన్ఏ పరీక్షకి పంపించింది. జవాబు రాగానే సంతోషం పట్టలేక తనే పరిగెత్తుకొచ్చింది. "మీరే కూతురు మేడమ్, అనుమానమే లేదు. సమాధి రాయి మీద, పుస్తకాల్లో కూతురని రాయించేద్దాం. కాకపోతే ముందు మీ జనన రికార్డు మార్పించాలి. అందులో ఉన్న తండ్రి పేరు తప్పని మీరు రాసిచ్చి సంతకం పెడితే చాలు."

తప్పని. ఆ ఒక్కమాట దగ్గర మైకమ్మ కలం పక్కన పెట్టేసింది. కూతురినని రాయించుకోవాలని ఆవిడకి ఎంత ఉందో చెప్పలేను. ఒక్క అక్షరం కోసం ముసలితనం దాకా ఎదురుచూసిన మనిషి. కానీ రెండు పూటలూ తిండి పెట్టి, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగినవాణ్ని తన చేత్తో తప్పని ఎలా రాస్తుంది?

చెల్లిని పిలిపించింది. చెల్లికి నోరెక్కువ, మనసు వెన్న.

"రాసెయ్యక్కా, ఆలోచనెందుకు? మా నాన్నే ఉంటే చెయ్యి పట్టుకుని మరీ రాయించేవాడు."

"అదేనే నా బాధ. రాయిస్తాడు, తర్వాత వెళ్ళి ఏ తాళంచెవో పాడుచేస్తాడు."

"రాస్తే నువ్వు నాకు పెదనాన్న కూతురివి. రాయకపోతే సొంత అక్కవి. ఎటు తిప్పినా అక్కవే కదా, నీ చాకిరీ నాకు తప్పదు" అని ముక్కు చీదుకుంది.

మర్నాడు ఆ అమ్మాయితో మైకమ్మ చెప్పింది. "కాగితం మీద మా బాబాయిని అలాగే ఉండనీ తల్లీ. ఆయనకి నేను ఇవ్వగలిగింది అదొక్కటే. మా నాన్నకి ఇవ్వాల్సింది నా దగ్గర వేరే ఉంది."

అలా ఖననం రోజున అధికారి చదివిన కాగితంలో ఆవిడ 'సోదరుడి కుమార్తె' గానే మిగిలింది. పెట్టె చాలా చిన్నది. పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు అందులో ఉన్నాడు, ఆవిడకి మనవడి ఈడువాడు. మన్ను వేయమని పిలిచారు. చెల్లి చెయ్యి పట్టుకుని ఆవిడ గుంట అంచున వంగింది. ఎలా పిలవాలో చిన్నప్పట్నుంచీ ఎన్ని రకాలుగానో అనుకుని ఉంది. తీరా చూస్తే, బల్లమీద కూర్చోబెట్టిన ఆ తప్పిపోయిన పిల్లల గొంతే వచ్చింది.

"నాన్నా." ఊపిరి తీసుకుంది. "చాలా ఆలస్యమైంది. పరవాలేదులే, వచ్చావుగా."

పక్కనున్న సైనికులు ఆ మాట విన్నారో లేదో తెలీదు. రికార్డుల అమ్మాయి మాత్రం మొహం పక్కకి తిప్పుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక చెల్లి టీ పెడతానని వంటగదిలోకి వెళ్ళింది. మైకమ్మ చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, ముందుగదిలో బాబాయి ఫోటో ముందు నిలబడింది. కొట్లో తీసిన ఫోటో అది, వెనకాల గోడకి తాళంచెవులు వేలాడుతుంటాయి.

"మీ అన్నకి అప్పజెప్పేశాను బాబాయీ" అంది. "విన్నాడు. ఇక దాచడానికేం లేదు."

ఇంకొంచెం దగ్గరికి జరిగింది. ఆకురాయి ఆగిన ఆనాటి నుంచీ గొంతులో ఉండిపోయిన మాట ఆవిడ ఈసారి నెమ్మదిగా, స్పష్టంగా పలికింది.

"నాన్నా."

వంటగదిలోంచి చెల్లి తొంగిచూసింది. "ఎవర్నక్కా పిలుస్తున్నావు?"

"మన నాన్ననే" అంది మైకమ్మ.