చింతపండుతో తోమిన నాణేలు

మేముండే షాంటిలీ ఊళ్లో మా పక్కింటి అంకుల్ దగ్గర పాత గ్రీకు నగరాల కంచు నాణేలు ఉండేవి, చొక్కా గుండీలంత చిన్నవి. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, చిలుము పట్టిన నాణేన్ని దాదాపు ముక్కుకి ఆనించుకుని చదివేవారు. "ఊరు మట్టిలో కలిసిపోయిందమ్మా. పేరు మాత్రం ఇందులో ఉంది" అనేవారు.

చివరిసారి హాస్పిటల్లో ఉన్నప్పుడు ఆ నాణేలు తెచ్చిపెట్టమని నన్ను అడిగారు. సంతోషిస్తారు కదా అని, పూజసామాను తోమినట్టు చింతపండు పట్టించి, తళతళలాడేలా తోమి తీసుకెళ్లాను. అక్షరాలు నిలిచి ఉన్నది ఆ చిలుములోనేనని నాకు తెలియదు.

అలవాటుగా కళ్లద్దాలు పైకి నెట్టి, ఒక్కొక్కదాన్నీ రెండువైపులా తిప్పి చూశారు. అన్నీ నున్నగా ఉన్నాయి.

"బాగా క్లీన్ చేశావమ్మా" అన్నారు.

తర్వాత కళ్లద్దాలు తీసి, మడిచి, నా చేతిలో పెట్టారు.

"ఇవి కూడా ఇంటికి తీసుకెళ్లిపో."