చిక్కన్న గిన్నెలో కాయలు

వల్లూరు సోలార్ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ చొక్కా వేసుకొని కూర్చునే చిక్కన్నను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి మంచివాడే. నోరే ఊరుకోదు. మాట్లాడటానికి కాదు, నమలడానికి. ఆ ప్యానెళ్ళ కింద ఉన్నది ఒకప్పుడు అతని వేరుశనగ చేనే. చేను లీజుకు పోయింది గానీ, కాయ కనిపిస్తే ఒలిచి నోట్లో వేసుకునే అలవాటు మాత్రం పోలేదు.

భార్య ఏనాడో పోయింది. కూతురు ధనుశ్రీ తొలికాన్పుకు పుట్టింటికి వస్తే, తల్లి చేయాల్సినవన్నీ తనే మీద వేసుకున్నాడు. ఆశా కార్యకర్తను కాబట్టి నేనూ వెళ్ళి చూసేదాన్ని. నెలలు నిండాక ధనుకు చెప్పాను.

"అన్నం తిన్నాక ఎడమపక్కకి పండుకో. బిడ్డ కదిలినప్పుడల్లా లెక్కపెట్టుకో. రెండు గంటల్లో పదిసార్లు కదలకుంటే నాకు చెప్పాల."

"మధ్యలో నిద్రొస్తాది అత్తా. లెక్క యాడ గుర్తుంటాది?"

"దానికేంది?" అంటూ చిక్కన్న లోపలికి పోయి చాటెడు వేరుశనగకాయలు, ఒక స్టీలు గిన్నె తెచ్చాడు. బిడ్డ కదిలితే చాటలోంచి ఒక కాయ తీసి గిన్నెలో వేయాలట. చివర్లో గిన్నె చూసుకుంటే సరి. అతని బుర్రకు ఇంత తట్టిందా అని ముచ్చటపడ్డాను కూడా.

మర్నాడు వెళ్తే గిన్నెలో నాలుగే కాయలు! ఇంతేనా అని ధనును అడిగాను. ధను తెల్లమొహం వేసింది.

"చానాసార్లు కదిలినాడత్తా. వేస్తానే ఉన్నా, అంతలో కునుకు పట్టింది."

అప్పుడు చూశాను, గడప మీద కూర్చున్న చిక్కన్న మీసానికి అంటుకున్న వేరుశనగ పొట్టు.

"చిక్కన్నా! మనవడి లెక్కంతా నమిలేసినావా?"

"చెయ్యి దానంతట అదే పోయిందక్కా!"

నేను పెట్టిన చీవాట్లు వీధి చివరిదాకా వినిపించాయి. కాన్పయ్యేదాకా కాయ ముట్టుకుంటే చెయ్యి విరిచి పొయ్యిలో పెడతానన్నాను. ఇక ఊళ్ళో అందరికీ అదే వేడుక. గేటు దగ్గర లారీవాళ్ళు కూడా "ఈ పొద్దు ఎన్ని తిన్నావప్పా?" అని అడిగేవాళ్ళు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి గిన్నెలో మూడే కాయలు. పక్కింటి ఓబక్క నన్ను చూసి పొట్ట పట్టుకొని నవ్వుతోంది.

"మళ్ళా తినేసినాడు చూడు పుట్టమ్మా!"

అప్పుడే నిద్ర లేచిన ధను కూడా నవ్వుతోంది. ఎన్ని వేసిందో తనకు గుర్తు లేదు. నవ్వనిది చిక్కన్న ఒక్కడే. నా ముందుకొచ్చి నోరు బార్లా తెరిచాడు.

"చూడక్కా. నా బిడ్డ మీద ఆన, ఆ పొద్దు నుంచి ఒక్క గింజ ముట్టలేదు. నేను తినలేదంటే... లోపల బిడ్డే కదల్లేదు."

నోట్లో పొట్టు లేదు, వాసనా లేదు. ఓబక్క నవ్వు ఆగిపోయింది. నేను ధనును లేవదీశాను.

పార్కు జీపు అడిగి ధనును పావగడ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చిక్కన్న ఆ గిన్నె కూడా పట్టుకొచ్చాడు. దారి పొడవునా కూతురి మొహమే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరమ్మ ముందు గిన్నె పెట్టి, "ఇంతే మేడం, ఇన్నిసార్లే కదిలింది," అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. వెంటనే ధను పొట్టకు బెల్టులు కట్టించి, బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషన్ పెట్టించింది. చప్పుడు ఉంది, దేవుడా, ఉంది! కానీ ఉండుండి మందగిస్తోంది. స్కాన్‌లో చూస్తే ఉమ్మనీరు బాగా తగ్గిపోయింది. ఇక ఆగడానికి లేదు, ఆపరేషన్ చేయాలన్నారు.

చిక్కన్న వరండాలో గిన్నె ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. అతని వాలకం చూడలేక, "ఆకలైతే ఆ మూడూ తిను పో," అని కసిరాను.

"ఇవి బిడ్డవి కదక్కా," అన్నాడు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పిల్ల చిన్నదే గానీ, గొంతు మాత్రం నా గొంతే! గుడ్డలో చుట్టి చేతికిస్తే చిక్కన్న రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. అంతలో పిల్ల కాలు బయటికి తీసి తాత రొమ్ము మీద ఒక్క తన్ను తన్నింది. చిక్కన్న కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"అక్కా, నా చేతులు ఖాళీ లేవు. జోబీలోంచి ఒక కాయ తీసి గిన్నెలో వెయ్యి."

"జోబీలో కాయలు ఎందుకు తెచ్చినావప్పా?"

"దారిలో కదిలితే వెయ్యొద్దా మరి?"

సెక్యూరిటీ చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. నిండా కాయలు. ఒక్కటీ ఒలిచి లేదు.