ఆ పబ్ సినిమాలో లేని మా యాదమ్మక్క

నిన్న పొద్దున ఆఫీసులో స్టాండప్ మీటింగ్ జరుగుతుండగా ఫోన్ మోగింది. స్క్రీన్ మీద "యాదమ్మక్క" అని ఉంది. తర్వాత మాట్లాడదామని కట్ చేశాను.

మళ్ళీ మోగింది.

ఎత్తితే వాళ్ళ కూతురు స్వప్న. "అమ్మ పోయిందక్కా" అంది. అంతే.

మీటింగ్‌లోకి తిరిగి వెళ్ళి, నా వంతు వచ్చినప్పుడు "నో బ్లాకర్స్", పనికి అడ్డేమీ లేదు, అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

యాదమ్మక్క ఎవరో మీలో చాలామందికి తెలియదు. మాదాపూర్‌లోని ఆ పబ్ మాత్రం తెలుసు. దాని మీద సినిమా వచ్చాక ఓనర్ తెలుసు, డీజే తెలుసు, గుమ్మం దగ్గరి బౌన్సర్ కూడా తెలుసు.

యాదమ్మక్క అక్కడ లేడీస్ వాష్‌రూమ్ చూసుకునేది. బోర్లించిన బకెట్ మీద కూర్చునేది. పక్కన ఒక సంచి. దాని నిండా హవాయి చెప్పులు. ఎవరో వదిలేసినవి, తెగితే తనే పట్టీలు మార్చినవి.

లోపలికి వచ్చిన అమ్మాయి మొహం కంటే ముందు పాదాలు చూసేది.

"ఏంది బిడ్డ, గిట్ల కుంటుతున్నవ్? గా హీల్స్ ఇడువు జర."

సినిమాలో ఆ వాష్‌రూమ్ ఉంది. అద్దం ఉంది. నేల తళతళలాడుతుంది.

బకెట్ లేదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త. కొండాపూర్‌లో హాస్టల్. ఒక మధ్యాహ్నం మా టీమ్ లంచ్ ఆ పబ్‌లో. తింటుండగా ఉన్నట్టుండి బంద్ అన్నారు. క్యాబ్‌లు ఆగిపోయాయి. మ్యూజిక్ ఆపి షట్టర్ సగం దించారు. మగపిల్లలు బైకుల మీద ముందే జారుకున్నారు. పదకొండు మంది ఆడపిల్లలం మిగిలాం.

బయట రోడ్డంతా జనం. నడిరోడ్డు మీద బతుకమ్మ పెట్టి ఆడవాళ్ళు ఆడుతున్నారు.

మాలో ఎక్కువమందిది సీమ, కోస్తా. నాది కర్నూలు. నోరు తెరిస్తే యాసతో దొరికిపోతామని భయం. కాన్వెంట్‌లో నాకు బాగా వచ్చిన విద్య మాట్లాడకుండా ఉండటమే. మూలన నిలబడి అదే చేశాను.

యాదమ్మక్క సంచి పట్టుకుని డ్యాన్స్ ఫ్లోర్ మీదికి వచ్చింది. తుడవడానికి కాకుండా ఆమె అక్కడ కాలు పెట్టడం అదే మొదలట. అందరికీ చెప్పులు పంచింది. నాకు వచ్చినవి నీలం పట్టీలవి, రెండూ ఎడమ కాలివే.

"బతుకమ్మ ఆడుకుంటనే ఆళ్ళ నడుమ నుంచి దాటుదాం. గుండ్రంగ నిలవడుండ్రి. వంగి సప్పట్లు. లేసి అడుగు. గంతే."

"మాకు పాట రాదక్కా" అంది ఒకమ్మాయి.

"మీ ఇంగ్లీష్ పాటలు నాకొస్తయా? రోజు ఇంటలేనా?"

భయంలోనే అందరం నవ్వాం.

రంగుల లైట్లు ఆపాలని ఎవరికీ గుర్తు రాలేదు. నీలం, ఎరుపు, ఊదా మా చేతుల మీదుగా తిరుగుతున్నాయి. లోపల పాట లేదు. చప్పట్లు, హవాయి చెప్పుల టపటప. షట్టర్ కింద నుంచి ఎండ ఒక పట్టీలా పడుతోంది. దాని వెంటే బయటి పాట సన్నగా.

ఇప్పటికీ కలలోకి వస్తుంది. కలలో మేం నీళ్ళ అడుగున ఆడుతున్నట్టు ఉంటుంది. అయినా అందరికీ ఊపిరి ఆడుతూనే ఉంటుంది.

"మా మీద మీకు కోపం లేదా అక్కా?" అని మెల్లగా అడిగాను.

"తెలంగాణ రావాలె. నువ్వు హాస్టల్‌కు చేరాలె. ఒకదానికొకటి అడ్డమా?"

బయటికి వెళ్ళి రోడ్డు మీది ఆటలో కలిశాం. నా పక్కనున్న పెద్దామె నా చప్పట్లు చూసింది. కిందికి, నా రెండు ఎడమ చెప్పులు చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయిందనుకున్నాను.

"జర మెల్లగ ఎయ్యి బిడ్డ అడుగు" అని, జరిగి చోటిచ్చింది.

ఆడుకుంటూనే రోడ్డు దాటాం. అక్కడి నుంచి యాదమ్మక్క తాను పుట్టి పెరిగిన పాత ఊరి గల్లీల గుండా మమ్మల్ని నడిపించింది. హాస్టల్ గేటు దగ్గర నాతో అంది.

"అడుగు వచ్చింది నీకు. నోరే రాలె."

చాలా ఏళ్ళ తర్వాత ఆ పబ్ మీద సినిమా రాస్తున్న రైటర్లు, బంద్ రోజు నేను అక్కడున్నానని తెలిసి ఫోన్ చేశారు. ఇదంతా చెప్పాను. కొన్నాళ్ళకు సీన్ రాసి పంపారు. అందులో హీరో బైక్ మీద వస్తాడు, జనం దారి ఇస్తారు, అమ్మాయిల్ని వ్యాన్ ఎక్కిస్తాడు. "ఓకేనా మేడం?" అని మెసేజ్.

"ఓకే" అని పెట్టాను.

యాదమ్మక్కకు మాత్రం, నీ గురించి చెప్పానక్కా, అని ముందే చెప్పి ఉన్నాను. అందుకే ఆమె ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేయించుకుని నాతో సినిమాకు వచ్చింది. మూసాపేటలో మ్యాటినీ. పాప్‌కార్న్ ఒళ్ళో పెట్టుకుని, "నాది అయినంక తింట" అంది.

ఆ సీన్ వచ్చింది. వ్యాన్ వెళ్ళిపోయింది.

"గా తొవ్వల పోతె గోడ తగుల్తది బిడ్డ" అని నా చెవిలో చెప్పింది. తనది ఇంకా రావాలనే అనుకుంటోంది.

ఆఖరి పేరు పోయేదాకా కదల్లేదు. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆమెకు అవి చదవరావు, నేను చదువుతున్నానేమోనని నా మొహం చూసింది.

తెర తెల్లబడింది. చీపుర్లు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు.

"లే బిడ్డ. ఆళ్ళు ఊడ్వాలె."

పోతూ పోతూ పాప్‌కార్న్ వాళ్ళ చేతిలో పెట్టింది.

మెట్రో మెట్ల దాకా చెబుదామనుకుంటూనే నడిచాను. చెప్పలేదు. ఆ "ఓకే" నాదేనని తెలియకుండానే వెళ్ళిపోయింది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం మమ్మల్ని దాటించింది లేడీస్ వాష్‌రూమ్ యాదమ్మ. ఆ సీన్ అబద్ధం. దానికి ఓకే చెప్పింది నేను.

ఆ పదకొండు మందిలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు వచ్చిన చెప్పుల రంగు కామెంట్‌లో రాయండి. స్వప్నకు చదివి వినిపిస్తాను.

యాదమ్మక్కా, నాకు నోరు ఇప్పుడొచ్చింది.

ఇక కాళ్ళు చాపుకుని కూర్చో, ఈసారి బకెట్ మీద కాదు. నీకు నెమ్మది దొరకాలి.