మా తోడికోడలి జర్మన్ ఫోన్

మా తోడికోడలికి ఏది దొరికినా మంచిదే దొరుకుతుంది. అదేం రాతో నాకు తెలీదు. మేముంటున్న ఈ పరాయి దేశపు ఊరు షాంటిలీలో మా ఇంటికి దగ్గర్లోనే ఒక ముసలి జర్మన్ ఆవిడ పోతే, ఆ ఇంటి సామానంతా అమ్మకానికి పెట్టారు. ఊరికే చూసొద్దామని వెళ్ళిన మా తోడికోడలు నల్లగా నిగనిగలాడే పాత ఫోన్ ఒకటి పట్టుకొచ్చింది. చక్రంలో వేలు పెట్టి నంబర్ తిప్పే రకం. ఆ పొద్దున నేనూ అక్కడికి వెళ్ళాను. నాకు దొరికింది బట్టల బుట్ట.

ఫోన్ పోతే పోయింది, దాని వెంట ఏడేళ్ళ మా అమ్మాయి కూడా పోయింది. అదీ నా ఏడుపు. వారమంతా నాకు ఆఫీస్, దానికి స్కూల్. మా ఇద్దరికీ మిగిలేది శనివారం ఒక్కటే. ఆ శనివారం నిద్ర లేస్తూనే, "అమ్మా, నన్ను పెద్దమ్మ హౌస్‌కి డ్రాప్ చెయ్. నేను డయల్ చెయ్యాలి" అనేది. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే నన్ను చూసి మొహం ముడుచుకునేది. తోడికోడలు వాళ్ళకి పిల్లల్లేరు. పెద్దమ్మ పక్కన కూర్చుని అది చక్రం తిప్పుతుంటే, ఆవిడ దాని జుట్టు సవరిస్తూ ఉండేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ ఫోన్ నకిలీది అయితే బాగుండునని ఎంత కోరుకున్నానో! ఆ కోరికతోనే ఇంటర్నెట్ అంతా వెతికి చదివాను. ఒకరోజు వాళ్ళింట్లో భోజనాలకి పిలిస్తే, ఆవిడ పూరీలు వేయిస్తున్న సమయం చూసి ఫోన్ ఎత్తాను. రాయిలా బరువు. తిరగేస్తే అడుగున తయారైన ఏడాది ముద్ర ఉంది. రిసీవర్‌కి గుడ్డ చుట్టిన తీగ ఉంది. ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది. ఆ కాలపు గట్టి ప్లాస్టిక్, అసలైన బేకలైట్ అయితే బొటనవేలితో వేడెక్కేదాకా రుద్దితే ఆస్పత్రి మందులాంటి కార్బాలిక్ వాసన వస్తుందట. రుద్దాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఏంటే, దాన్ని వాసన చూస్తున్నావ్? పూరీలు ఇక్కడున్నాయి" అంది తోడికోడలు వెనకనించి.

వాసన వచ్చింది. అసలుదే. ఆ పూట నాకు పూరీ గొంతు దిగలేదు.

సరే, నేను మాత్రం తక్కువ తిన్నానా? నేనూ ఒక జర్మన్ ఫోన్ ఆర్డర్ చేశాను. నల్లవాటి ధర నాకు అందుబాటులో లేదు. నాది తరవాతి కాలపు బూడిదరంగు ప్లాస్టిక్‌ది, అయినా జర్మనీదే. వచ్చాక చూస్తే గంట మోగలేదు. మళ్ళీ చదివాను. ఆ దేశంలో గంటకి వెళ్ళే తీగని గోడలోని ప్లగ్గులో కలిపేవాళ్ళట. ఇక్కడి ప్లగ్ తగిలించేవాళ్ళు మాట్లాడే రెండు తీగలు కలిపి చేతులు దులుపుకుంటారు. నేను అడుగు విప్పి, స్క్రూడ్రైవర్‌తో మూడో తీగ కూడా కలిపాను. సెల్ నుంచి చేసి చూస్తే గణగణమని మోగింది! అమ్మాయిని పిలిచి, "రా తల్లీ, మన ఇంట్లోనే డయల్ చేసుకో" అన్నాను గొప్పగా.

అది తిప్పింది. చక్రం టకటకమంటూ వెనక్కి వచ్చింది. కాల్ మాత్రం వెళ్ళలేదు. ఇండియాకి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని మేమంతా ఎగబడి ఇంటర్నెట్ ఫోన్‌కి మారిపోయాం కదా, ఆ డబ్బాకి ఈ టకటకలు అర్థం కావు. మా బావగారు మాత్రం, "మనకెందుకొచ్చిన గోల" అని పాత లైన్ తీయించలేదు. అందుకే వాళ్ళది వెళ్తుంది.

"అమ్మా, ఇట్స్ ఓకే" అంది నా కూతురు నా చెయ్యి నిమురుతూ. "పెద్దమ్మది వర్క్ అవుతుంది కదా."

నేను స్క్రూడ్రైవర్ తీసి సొరుగులో పడేశాను.

అప్పట్నించి శనివారాలు నా బూడిద ఫోన్ మోగేది. ఎత్తితే మా అమ్మాయి. హలో అనేది, నవ్వేది, పెట్టేసేది. నాతో రెండు ముక్కలు మాట్లాడ్డానికి కూడా ఆ ఇంటికే వెళ్ళాలా అని ఉడికిపోయేదాన్ని. ఒక సాయంత్రం దాన్ని తీసుకురావడానికి వెళ్ళి, పట్టలేక అడిగేశాను. "అక్కా, ఈ ఫోన్‌లో ఇంతసేపు ఎవరికి చేస్తారు మీరిద్దరూ?"

"ఎవరికేంటి, నీకే" అంది ఆవిడ. "మీ నంబర్‌లో సున్నాలు ఎక్కువ కదా. సున్నాకి చక్రం మొత్తం తిరిగి రావాలి. అదంటే దీనికి సరదా. అక్కడ నీ ఫోన్ మోగుతుంటే నేనూ చెవి పెట్టి వింటాను. నాది వచ్చినప్పట్నించి ఒక్కసారి కూడా మోగలేదు. ఎవరైనా చేస్తే కదా మోగడానికి! నిజం చెప్పనా? నిన్ను చూస్తే నాకు కుళ్ళే."

నవ్వుతూనే అంది. అని, గిన్నెలు సర్దడానికి అటు తిరిగింది. నన్ను చూసి ఆవిడకి కుళ్ళా?  సెల్ తీసి వాళ్ళ పాత లైన్ నంబర్ కొట్టాను. నల్ల ఫోన్ ఉలకలేదు, పలకలేదు. "ఎవరూ చేయక కాదక్కా, తీగ కలపలేదు" అన్నాను. బావగారి స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, అడుగు విప్పి మూడో తీగ కలిపి, మళ్ళీ సెల్ నొక్కాను.

అబ్బ, ఏం మోత! ఆ మోత కూడా నా ఫోన్ కంటే బాగుంది. తోడికోడలు తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చి రిసీవర్ ఎత్తి, ఎదురుగా ఉన్న నాకు "హలో" చెప్పింది. ఇక ఫోన్ పెట్టదే!

ఆ తరవాత మా అమ్మాయి శనివారాలు ఇంట్లోనే ఉండసాగింది. నేను గెలిచాననుకుంటున్నారా? నా సెల్ లాక్కుని సోఫా ఎక్కి పెద్దమ్మకి చేసేది. వెంటనే ఎత్తకూడదని వాళ్ళిద్దరికీ ఒప్పందం. అక్కడ గంట బాగా మోగాలి, ఆవిడ తనివితీరా వినాలి, తరవాతే ఎత్తాలి. నేనేదైనా అడగబోతే, "అమ్మా, ష్! పెద్దమ్మ" అని వేలు అడ్డం పెట్టేది. అదీ శనివారమే కాదు, రోజూ!

వెళ్ళి ఆ తీగ పీకేసి రావడం నాకు క్షణంలో పని. ఆ రోజు బావగారి స్క్రూడ్రైవర్ పొరపాటున నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే వచ్చేసింది. పీకలేదు. అలాగని చాలాకాలం దాన్ని తిరిగి ఇవ్వనూ లేదు.