పీపాకు ఆనించిన చెవి

ఎజ్రా గాడ్సాల్ తాత ముత్తాతల నుంచి సైడర్ చేసే ఇంటివాడు. ఆపిల్ పండ్లను గుర్రం తిప్పే రాతి గానుగలో నలిపి, పిండి, ఆ రసాన్ని ఓక్ పీపాలో పులియబెడతాడు. రోజూ పొద్దున్నే చర్చిలోకి వెళ్లినట్టు టోపీ తీసి కొట్టంలోకి వెళ్లి, నడుం పట్టుకుని వంగి, పీపాకు చెవి ఆనిస్తాడు. పైన నురగ అణిగాక లోపల ఇంకా పులుస్తోందని చెప్పేది సన్నటి బుసబుస ఒక్కటే. ఈ ఏడాది తొమ్మిది రోజులుగా అదీ లేదు. రసం చలికి చచ్చి వెనిగర్ అయిందంటే, కూలితో పాటు తాగడానికి సైడర్ పొయ్యని పొలంలో గడ్డి కొయ్యడానికి ఒక్క కూలీ రాడు. డెబ్బై ఏళ్ల మనిషి తిండి మానేశాడు. తన కోటు తీసి పీపాకు కప్పి, తాను గజగజ వణికాడు.

పదో రోజు కోడలు విన్నీ చూడనే చూసింది. "ఏం మావయ్యా, పీపాకి జ్వరమా? జరగండి, నేను చూస్తా" అంటూ చెవి పెట్టింది. "అయ్యో రాత! తేనెపట్టులా రొద పెడుతోంది కదండీ!"

ఎజ్రా మళ్లీ వంగాడు. ఒక చెవి ఆనించాడు, రెండోదీ ఆనించాడు. పీపా పలకలేదు.

"ఆఁ, ఇప్పుడందుకుందిలే" అన్నాడు, టోపీ పెట్టుకుంటూ.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే విన్నీని కేకేస్తాడు: "ఇటు రావే, పని నేర్పుతా. ఏం వినపడిందో చెప్పు, తప్పయితే నేను దిద్దుతా."