తెల్లపొడి వార్త

తొంభైల మొదట్లో నేను కారేపల్లిలో ఒక పత్రికకు విలేకరిని. వార్త రాసి కవర్లో పెట్టి ఖమ్మం బస్సు డ్రైవర్ చేతికిస్తే తెల్లారేసరికి అచ్చయి వచ్చేది. వార్త కింద నా పేరు ఉండేది కాదు గానీ, నా మిడిసిపాటుకు హద్దుండేది కాదు.

ఒక సాయంత్రం టీకొట్టు దగ్గర తెలిసింది, అడవి అంచు ఊళ్లో ఎవరో సాయిబును పట్టుకొచ్చి పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టారని. సంచిలో తెల్లపొడి, లోహపు ముక్కలు, తోలుతిత్తి దొరికాయట. టీకొట్టు జనం అప్పటికే తీర్పు చెప్పేశారు.

"గీళ్లను నమ్మొద్దు. టీవీల సూస్తలేవా?" అన్నాడొకడు.

స్టేషన్ గుమ్మం దాకా వెళ్లాను. కానిస్టేబుల్ ఆ సామాన్ల పేర్లే మళ్లీ చెప్పి, "లోపల ఉన్నడు, సూస్తవా?" అని అడిగాడు. బస్సుకు టైమైందన్నాను.

బస్టాండులో నిలబడే రాసేశాను. 'అనుమానాస్పద వ్యక్తి' అన్నాను. 'పేలుడు పదార్థంగా భావిస్తున్న పొడి' అన్నాను. భావించిందెవరు? నేనే. కవరు డ్రైవర్ చేతిలో పెట్టి ఇంటికెళ్లి అమ్మకు గొప్పగా చెప్పుకున్నాను.

కూర కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "తెల్లపొడా? తిత్తి గూడ ఉన్నదా? నీ బుద్ధి గడ్డి తిన్నదార! గది నవాసాగరం. గాయన మన కళాయి సాయిబు!"

ఏటా మా ఇత్తడి గిన్నెలు కాల్చి, నవాసాగరం చల్లి, తగరం పూసి లోపలంతా తళతళలాడేలా చేసి ఇచ్చే మనిషి. చిన్నప్పుడు తిత్తి నేనే ఊదుతానని ఆయన పక్కన కూర్చుని గోల చేసేవాణ్ణి. ఆ పొడి పొగకు ఎన్నిసార్లు దగ్గానో లెక్కలేదు. పక్కన సాయిబు అనే మాట చేరగానే ఆ పొడే నాకు బాంబైపోయింది.

బస్టాండుకు పరుగెత్తేసరికి బస్సు వెళ్లిపోయింది. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే డెస్కు వాళ్లు నవ్వారు. ఇంత మంచి వార్త ఆపమంటావేమిటయ్యా అన్నారు. మర్నాడు 'అడవిలో ఉగ్రవాద జాడ?' అని అచ్చేశారు. ఆ ప్రశ్నార్థకమొక్కటే వాళ్ల నిజాయితీ. వాళ్ల మీద ఒళ్లు మండింది, నా మీద అంతకు రెట్టింపు మండింది.

అమ్మ పొద్దున్నే ఇత్తడి గుండిగ చంకనెత్తుకొని స్టేషన్‌కు పోయింది. ఎస్సైని నానా మాటలని, ఆవరణలోనే పొయ్యి రాజేయించి, అందరి ముందూ ఆయనతో కళాయి పూయించింది. మధ్యాహ్నానికి వదిలేశారు.

కానీ పేపరు అప్పటికే ఊళ్లన్నీ తిరిగింది. ఆ సాయంత్రమే ఆయన మళ్లీ కళాయి పనికి బయల్దేరితే, ఆయన్ని పట్టుకున్న ఊరికి నేనూ వెంట వెళ్లాను. ఆ వార్త రాసింది నేనే, అది అబద్ధమని ఇంటింటికీ చెప్పాను.

"అచ్చయింది అబద్ధమెట్లయితది? సాయిబు నిన్ను బెదిరించిండా ఏంది?" అన్నాడో పెద్దరైతు. ఒక్కరూ గిన్నె బయటికి తేలేదు. ఒకామె మమ్మల్ని చూసి పిల్లల్ని లోపలికి లాక్కుంది.

తిరిగొస్తుంటే ఆయన అన్నాడు.

"నిన్న స్టేషన్ గుమ్మం కాడ నీ గొంతు ఇనబడ్డది బిడ్డా. మనోడొచ్చిండు, ఇగ భయం లేదనుకున్న. నువ్వు లోపలికొస్తవని లేసి నిలబడ్డ."