బెనిగ్నో నాటిన మొక్కలు

ఒదీలియాకు వాసన పోయి ఏడాది కావస్తోంది. కిందటి చలికాలం జ్వరం వచ్చి మంచాన పడేసింది. లేచేసరికి ముక్కూ నాలుకా రెండూ మొద్దుబారిపోయాయి. మిరపకాయ కొరికితే మంట తెలుస్తుంది, అంతే. మొక్కజొన్న రొట్టె అయినా, ఉడికించిన చిక్కుడు గింజలైనా నోట్లో మట్టే. పోనీ, ఆ వయసులో తిండి మీద ఆశ ఎవరికుంది? కానీ ఆమె కాచేది మెస్కాల్, కిత్తనార దుంపల సారా. మెస్కాల్ కాచే మనిషికి నాలుక పోయిందంటే ఇంకేం మిగిలినట్టు? అందుకే ఎవరికీ చెప్పలేదు.

సాన్ హసింతో కొండ మీద ఆ సారా బట్టీ ఆమె భర్త బెనిగ్నోది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆమె కట్టెలు మోసింది, నీళ్లు మోసింది, పులియబెట్టే తొట్టి దగ్గరికి మాత్రం రానిచ్చేవారు కాదు. ఆడమనిషి తొంగిచూస్తే తొట్టిలోది పాడైపోతుందట! ఆయాసం ముదిరి బెనిగ్నో మంచం పట్టేదాకా నడిచింది ఆ నమ్మకం. తర్వాత దిక్కులేక అన్నీ ఆమే చేసింది. ఆయన పోయాకా చేసింది. కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చారు. మరిది సిప్రియానో మాత్రం ఒక్కనాడు మెచ్చుకున్న పాపాన పోలేదు. కాచిన ప్రతి కాపుకీ వచ్చేవాడు, గుక్కెడు తాగి మొహం ముడిచేవాడు.

"ఏంటి వదినా, మెస్కాల్ తాగిస్తున్నావా, పొగ తాగిస్తున్నావా?"

"ఊరికే వచ్చేదానికి వంకలొకటి! నచ్చకపోతే అక్కడ పెట్టి పో."

"పెట్టిపోతే నువ్వు నేర్చుకునేదెప్పుడు?" అని అడుగుదాకా తాగి మరీ పోయేవాడు.

ఈసారి కాపు వేరు. బెనిగ్నో తన చేత్తో నాటిన కిత్తనార మొక్కల్లో ఆఖరివి ఇవి. పూకాడ లేవబోతుంటే కోసేసి, తీపంతా దుంపలోకి దిగాలని ఏడాది అలాగే నిలబెట్టింది. ఇవి అయిపోతే ఆయన చేతివి ఇంక లేవు. ఇదొక్కటీ బాగా వస్తే చాలు, బట్టీ మూసేస్తాననుకుంది. నడుం వంగనని ఎప్పుడో మొరాయించింది. విసుగొచ్చేసింది ఆమెకి, నిజం చెప్పాలంటే బతుకు మీదే.

దుంపల్ని గుంటలో కాల్చింది, గానుగరాయి కింద నలగ్గొట్టింది, తొట్టికెత్తి నీళ్లు పోసింది. అక్కడిదాకా నాలుకతో పనిలేదు. చిక్కంతా తర్వాతే. తొట్టిలో తీపి పూర్తిగా విరిగాక, పులుపు ఎక్కకముందే బట్టీకి ఎక్కించాలి. ఒక్క పూట దాటిందా, అంతా పుల్లనీళ్లే. నాలుక లేని ఒదీలియా చెవితో నెట్టుకొస్తోంది. తొట్టికి చెవి ఆనిస్తే లోపల చిటపటలాడుతుంటుంది. ఆ చప్పుడు ఆగితే తయారైనట్టు. ఇదివరకటి కాపులు అలాగే గట్టెక్కాయి.

ఈసారి చలి దిగింది. మంగళవారం పొద్దున్నే చప్పుడు ఆగిపోయింది. తయారైందా, లేక చలికి బిగుసుకుందా? బిగుసుకుంటే ఎండ తగిలాక మళ్లీ లేస్తుంది. అడగాలంటే సిప్రియానో పక్కింట్లోనే ఉన్నాడు, కేకేస్తే పలుకుతాడు. కానీ వాడి ముందు నోరు తెరిచి, నాకు రుచి తెలియడం లేదని చెప్పడమా? చచ్చినా చెప్పననుకుంది. తొట్టికి దుప్పట్లు కప్పి ఎండ కోసం కూర్చుంది. చూశారా పంతం! ఆ పంతమే లేకపోతే ఆ ఇంట్లో ఇన్నేళ్లు నిలిచేదీ కాదులెండి.

బుధవారం మధ్యాహ్నానికీ తొట్టి పలకలేదు. అప్పుడు పట్టుకుంది భయం. గోడ మీంచి పిలిచింది.

"సిప్రియానో, ఒకసారొచ్చి తొట్టి రుచి చూడు."

"నన్నే? ఇవాళ పొద్దు ఎటు పొడిచింది వదినా?"

"నాకు రుచి తెలియట్లేదు. ఆ జ్వరం వచ్చినప్పట్నుంచీ."

వాడు నవ్వబోయి ఆగాడు. "ఏడాది నుంచా? నాతో చెప్పడానికి నీకేం రోగం?"

"ఊరంతా దండోరా వేస్తావని."

వచ్చి, తొట్టిలో వేలు ముంచి నాకాడు. మళ్లీ ముంచి నాకి, దుప్పట్ల వంక చూశాడు. "మించిపోయిందేం లేదు, ఎక్కించెయ్," అని తనే కట్టెలు ఎత్తడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ కలిసి రెండుసార్లు కాచారు. వెదురుగొట్టంతో పీల్చి బుర్రచిప్పలోకి వదిలితే బుడగలు చెదరకుండా నిలబడ్డాయి. ఘాటు సరిగ్గానే ఉందన్నమాట. బుడగలు ఘాటు సంగతే చెబుతాయి, రుచి సంగతి చెప్పవు. ఒదీలియా నేలతల్లికి నాలుగు చుక్కలు వదిలి, తనొక గుక్క తాగింది. గొంతు మండింది. బెనిగ్నో నాటినవాటిలో ఆమెకి దక్కింది ఆ మంటే. ఏడుపు తన్నుకొచ్చింది. చిప్ప మరిది చేతికిచ్చింది.

వాడు తాగాడు. మొహం ముడవలేదు.

"బాగుంది వదినా."

ఒదీలియా వాడి మొహంలోకి చూసింది. ఇన్నేళ్లలో ఎంత మంచి కాపుకైనా ఆ నోట్లోంచి రాని మాట అది. కట్టెల మీద కూలబడింది.

"పుల్లబడిపోయింది కదూ?"

"బాగుందన్నానా!"

"ఏదో ఒకటి తిట్టు సిప్రియానో. నీకు దణ్ణం పెడతాను, ఒక్క మాట తిట్టు."

వాడు తిట్టలేదు. ఖాళీ చిప్ప ముందుకు చాపి, "ఇంకొంచెం పొయ్," అన్నాడు.